ధర ఎంత అని కాదు, డబ్బు ఏ నెలలో వస్తుంది: ఫ్యాక్టరీ చెరకు మీద బతికిన ఒక కుటుంబం కేసు

ఉత్తరాంధ్రలో చిన్న రైతులకు పంట ప్రణాళిక, అప్పుల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. చెరకు రైతు గురించి ఎక్కడ మాట్లాడినా చర్చ టన్ను ధర దగ్గరే ఆగిపోతుంది. ఈ కుటుంబం విషయంలో ధర కన్నా రెండు సంగతులు ఎక్కువ తేల్చాయి. ఆ డబ్బు ఏ నెలలో చేతికొచ్చింది, అది వచ్చేదాకా నరికిన కూలీకి ఎవరు ఇచ్చారు. అందుకే ఈ కేసు రాస్తున్నాను. కుటుంబాన్ని, ఊరిని, ఫ్యాక్టరీని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలు ఆ ఇంటి పద్దు పుస్తకంలోవి.

నేపథ్యం

మా ప్రాంతంలో సహకార పంచదార ఫ్యాక్టరీల చరిత్ర 1933లో ఏటికొప్పాకతో మొదలైంది. అనకాపల్లిలో చెరకు పరిశోధన అంతకు ముందునుంచే ఉంది. బెల్లం మార్కెట్టూ అక్కడే. కాబట్టి ఇక్కడి రైతుకు చెరకు కొత్త కాదు, అమ్ముకునే దారీ ఒక్కటే కాదు. అయినా ఫ్యాక్టరీ పరిధిలోని ఊళ్లలో చాలామంది బెల్లం వండటం ఎప్పుడో మానేశారు. వాళ్లు మానడానికి గట్టి కారణమే ఉంది. ఫ్యాక్టరీ అంటే కొనేవాడొక్కడే కాదు. ఫీల్డ్‌మేన్ వచ్చి తోట రాసుకుంటాడు. ఆ రాతను చూసి బ్యాంకు అప్పిస్తుంది. సీజన్‌లో కటింగ్ ఆర్డర్ వస్తుంది, చెరకు కాటా మీదికెక్కుతుంది, బ్యాంకు అప్పు ఫ్యాక్టరీయే మినహాయించుకుని మిగతాది ఖాతాలో వేస్తుంది. రైతు బేరం ఆడక్కర్లేదు, కమిషన్ వ్యాపారి ముందు నిలబడక్కర్లేదు. ఆ ఊళ్లో పిల్లల పెళ్లి ముహూర్తాలు కూడా చెరకు పేమెంటు చూసుకునే పెట్టుకునేవారు.

ఈ రైతు వయసు యాభై దాటింది. సొంతం మూడెకరాలు, కౌలు ఒక ఎకరం, ఒక బోరు, రెండు గేదెలు. కొడుకు అదే ఫ్యాక్టరీలో సీజనల్ కార్మికుడు. క్రషింగ్ (చెరకు ఆడించడం) జరిగే నెలల్లో పూర్తి జీతం, మిగతా నెలల్లో కొద్దిపాటి రిటైనింగ్ అలవెన్స్. అంటే చెరకు డబ్బు, జీతం డబ్బు రెండూ ఒకే గేటు నుంచి రావాలి. కుటుంబం దీన్ని బలంగానే చూసుకుంది, చాలా ఏళ్లు అది బలమే.

నాలుగెకరాల్లోనూ చెరకే. ఒక ఎకరం మొక్క తోట (కొత్తగా నాటింది), ఎకరంన్నర మొదటి కార్శి (నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే పంట), మరో ఎకరంన్నర పాతబడిన కార్శి. కౌలు ఎకరం ఈ పాత కార్శిలో ఉంది.

నా దగ్గరికి వచ్చినప్పటి పరిస్థితి

2019 జూన్‌లో వాళ్లు వచ్చారు. జనవరిలో ఫ్యాక్టరీకి తోలిన 98 టన్నులకు అప్పటికి ఒక్క రూపాయి రాలేదు. ఆ సీజన్‌కు కేంద్రం ప్రకటించిన ధర 10 శాతం రికవరీకి (వంద కిలోల చెరకు నుంచి దిగే పంచదార) క్వింటాలుకు 275 రూపాయలు. రికవరీ 9.5 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న ఫ్యాక్టరీలకు 261 రూపాయల 25 పైసలు. మా వైపు రికవరీ తక్కువ కాబట్టి టన్నుకు 2,612.50 చొప్పున మొత్తం 2,56,025 రూపాయలు రావాలి.

నరుకుడు, బండి బాడుగ కలిపి టన్నుకు 850 పడింది. ఆ 83,300 రూపాయల్నీ ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. పేమెంటు రాగానే తీర్చేద్దామనుకున్న అప్పు అలాగే నిలిచిపోయింది. బ్యాంకు పంట రుణం గడువు కూడా దాటిపోతోంది. అప్పట్లో లక్ష లోపు పంట రుణం సకాలంలో కడితే రైతు మీద వడ్డీ పడేది కాదు. గడువు దాటితే ఆ రాయితీ మొత్తం పోయేది. తన తప్పు ఏమీ లేకుండానే ఈ రైతు బ్యాంకు పుస్తకంలో బాకీదారుడయ్యాడు. కొడుక్కి నెలల తరబడి జీతం లేదు.

రైతు అడిగిందల్లా ఒకటే, సరుగుడు వేసేయమంటారా అని. ఆయన భార్య మాత్రం వేరేలా అడిగింది. "ధర సంగతి తర్వాత బాబూ. ఏ నెల్లో వస్తాదో సెప్పమనండి. అది తెలిస్తే అంతవరకు ఎలాగో నేను సర్దుకుంటాను." ఆ ప్రశ్నను పట్టుకునే మిగతా పనంతా నడిపాను.

మొదట ఒక పెద్ద కాగితం మీద పన్నెండు నెలలు గీసి, ఏ నెల ఎంత కావాలి, ఎంత వస్తుంది అని ఆమె చేతే చెప్పించి రాశాం. ఏడాది మొత్తం కూడితే ఈ ఇల్లు నష్టంలో లేదు. నెలలుగా విడదీస్తే ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా ప్రతి గడీ మైనస్‌లోనే ఉంది. అవే నెలల్లో కౌలు కట్టాలి, ఎరువు కొనాలి, బడి ఫీజులు కట్టాలి.

ఆగాలా, వదిలేయాలా

ఆలస్యం ఈ ఒక్క ఏటిదా, ఇకముందూ ఇంతేనా అన్నది తేలకుండా సలహా చెప్పలేను. అందుకే రైతు లెక్కతో పాటు ఫ్యాక్టరీ లెక్కా వేశాను. దీనికి రహస్య పత్రాలేమీ అక్కర్లేదు.

రికవరీ 8.8 శాతం అనుకుంటే టన్ను చెరకు ఆడిస్తే 88 కిలోల పంచదార వస్తుంది. 2018 జూన్‌లో కేంద్రం పంచదారకు కిలో 29 రూపాయల కనీస అమ్మకపు ధర పెట్టి, 2019 ఫిబ్రవరిలో 31కి పెంచింది. 31 చొప్పున 88 కిలోలకు 2,728 రూపాయలు. అందులో రైతుకే 2,612 ఇవ్వాలి. మిగిలేది నూటపదహారు రూపాయలు. మొలాసిస్ (పంచదార తీయగా మిగిలే మడ్డి) అమ్మితే ఇంకొంత వస్తుంది. వీటిలోంచే జీతాలు, సున్నం, గంధకం, గోనెసంచులు, పాత యంత్రాల రిపేర్లు, బ్యాంకు వడ్డీ అన్నీ చూసుకోవాలి. పిప్పితో కరెంటు తీసి అమ్మే ప్లాంటు, మొలాసిస్‌తో స్పిరిట్, ఇథనాల్ తీసే డిస్టిలరీ ఉన్న ఫ్యాక్టరీలు ఈ గండం గట్టెక్కుతాయి. ఈ ఫ్యాక్టరీకి రెండూ లేవు. పైగా గోడౌన్‌లో ఉన్న పంచదార అంతా అప్పు కింద బ్యాంకుకు తాకట్టు. ఏ నెల ఎంత అమ్మాలో కోటా కేంద్రం చెబుతుంది. అమ్మిన డబ్బు ముందు బ్యాంకుకు వెళ్తుంది, తర్వాతే రైతుకు.

దీన్నిబట్టి ఆలస్యం ఒక్క ఏటితో పోయేది కాదని తేలింది. చెరకు ధర పెరిగినా ఈ రైతుకు డబ్బు త్వరగా రాదు, ఇంకా ఆలస్యం కావచ్చు. ఈ మాట రైతుల సమావేశంలో చెబితే కొందరికి కోపం వచ్చింది. నేను ఫ్యాక్టరీ పక్షం మాట్లాడుతున్నాననుకున్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది, అది వాళ్లు వాటాలు కట్టి నిలబెట్టుకున్న ఫ్యాక్టరీ. కానీ ఈ లెక్క వాళ్లకు ముందే తెలియాలి. తెలియకపోతే మళ్లీ ముచ్చెలు (విత్తనానికి వాడే చెరకు ముక్కలు) నాటి ఇంకో ఏడాది ఎదురుచూస్తారు.

చేసి చూసినవి, ఫలించనివి

ముందు చట్టం దారిలో వెళ్లాం. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, లేదంటే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఈ రైతు బాకీ మీద ఆ వడ్డీ నెలకు 3,200 రూపాయలు. కాటా చీటీల నకళ్లు జతచేసి, మరికొందరు రైతులతో కలిపి ఫ్యాక్టరీకి, చెరకు కమిషనర్ కార్యాలయానికి రాసి ఇచ్చాం. అసలు మూడు విడతల్లో వచ్చింది, చివరి విడత నవంబరులో. వడ్డీ రాలేదు. మొదటి విడతలు బ్యాంకు బాకీకే జమయ్యాయి కాబట్టి ఊళ్లో అప్పు నవంబరు దాకా తీరలేదు. దాని వడ్డీయే 16 వేలు దాటింది. దరఖాస్తు వల్ల ప్రయోజనం లేదని అనను. బాకీ ఎంతో రాతలో ఉండటం వల్ల బ్యాంకు మేనేజరు మాట విన్నాడు, రుణం తిరగరాయడానికి ఒప్పుకున్నాడు. అయితే చేతిలో డబ్బు లేని ఫ్యాక్టరీ మీద వసూలు హక్కు ఎంత ఉన్నా, ఆ హక్కుతో జూలైలో యూరియా కొనలేం.

రెండోది, దూరంగా ఉన్న వేరే ఫ్యాక్టరీకి తోలడం. ఈ ఊరు ఆ ఫ్యాక్టరీ పరిధిలోది కాదు, అనుమతి కావాలి. అది దొరికిన కొందరు లారీ బాడుగ కట్టి తోలారు, అక్కడ వరసలో ఆగారు. నరికిన చెరకు రోజురోజుకూ ఆరిపోయి బరువు తగ్గుతుంది. రైతుకు డబ్బిచ్చేది బరువుకే. ఈ కుటుంబానికి ఉన్నది చిన్న తోట, లారీ నిండా ఒకేసారి సరుకు రాదు. కాబట్టి ఆ దారి కాగితం మీదే వదిలేశాం.

మూడోది మొత్తం బెల్లానికి మళ్లడం. డబ్బు రోజుల్లో వస్తుంది, అదే దాని బలం. కానీ ఊళ్లో పనిచేస్తున్న గానుగ ఒక్కటే. రోజుకు ఇన్ని పెనాలు అని దానికో లెక్క ఉంది. నాలుగెకరాలు దాని మీదికి తోలితే వంతు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. అందరూ అదే పని చేస్తే జనవరి దాటాక మార్కెట్లో ధర పడుతుంది.

ఇక సరుగుడు. రైతు మనసు దీనిమీదే ఉంది. నాటాక మూడు నాలుగేళ్లు చూడక్కర్లేదు, కాంట్రాక్టరే వచ్చి చెట్లు కొట్టి తీసుకుపోతాడు, టెన్షన్ లేదు. ఒక్క రైతునే చూస్తే అది తప్పు సలహా కాదు. నన్ను ఆపినవి రెండు. ఆ మూడు నాలుగేళ్లలో ఈ ఇంటి నెలల కాగితం ఖాళీగా ఉంటుంది, రెండు గేదెల పాల డబ్బు దాన్ని నింపలేదు. పైగా చెరకు పోతే ఆ గేదెలకు మేతే పోతుంది. నరుకుడు రోజుల్లో చెరకు ఆకే వాటి తిండి. రెండో కారణం చెరకు నరికే కూలీల ముఠా.

నరికేవాళ్ల పద్దు

ఈ తోట నరికేది 14 మంది ముఠా, అందులో సగం ఆడవాళ్లు. డిసెంబరు నుంచి మార్చి చివరి దాకా వాళ్లకు చెరకు పనే ఆధారం. మగవాళ్లు మొదలుకంటా నరుకుతారు, ఆడవాళ్లు ఆకు దూసి కట్టలు కట్టి బండికి అందిస్తారు. ఇంటికి వెళ్తూ ఒక మోపు ఆకు నెత్తిన పెట్టుకుపోతారు. అది కూలిలో రాయని భాగం, దానితోనే వాళ్లింట్లో గేదె వేసవి దాకా నిలుస్తుంది.

ముఠా మేస్త్రిని కలిసి మాట్లాడితే తెలిసింది, ఊరి రైతులు 2019 జనవరి కూలిలో కొంత ఏప్రిల్‌లోనూ బాకీ పెట్టారు. "రైతుకి రాలేదంటే మాకూ రాదండి. మరి కొట్లో మా బాకీ ఎవరు కడతారు?" అన్నాడు. రైతుకు కమిషనర్ ఉన్నాడు, 14 రోజుల నిబంధన ఉంది, రాసి ఇవ్వడానికి కాటా చీటీ ఉంది. ముఠా చేతిలో ఏ చీటీ లేదు. ఫ్యాక్టరీ లెక్కల్లో వీళ్లు కార్మికులు కారు, రైతు లెక్కల్లో వీళ్లు ఖర్చు. ఉపాధి హామీ ఉంది కదా అంటారు. మా వైపు ఆ పనులు ముమ్మరంగా సాగేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా. చెరకు పని పోతే ఖాళీ అయ్యేది జనవరి, ఫిబ్రవరి, మార్చి.

అందుకే పథకం వేసేటప్పుడు రెండు షరతులు పెట్టుకున్నాను. నరుకుడు కూలి ఆ వారంలోనే చేతికివ్వాలి, దానికోసం ఊళ్లో వడ్డీ అప్పు తేకూడదు. ఈ రెండూ కలిసి నిలిచే దారి ఉంటేనే చెరకు కొనసాగించాలి, లేకపోతే మానాలి.

పనిచేసింది

జూన్ నాటికి నాలుగెకరాల్లోనూ తోట నిలబడి ఉంది. దున్నేయడం దండగ. అప్పుడు ఏ తోట ముందు పక్వానికి వస్తుందో చూశాం. మొక్క తోట కన్నా కార్శి ముందుగా తయారవుతుంది, పాత కార్శి డిసెంబరు నాటికే నరుక్కోవచ్చు. అనకాపల్లి మార్కెట్లో సరుకు ఇంకా ఒత్తిడి కాని రోజులవి, ఒడిశా, బెంగాల్ వైపు లారీలు వెళ్తుంటాయి. కాబట్టి ఆ ఎకరంన్నర డిసెంబరులో బెల్లానికి, ఆ డబ్బుతో మిగతా రెండున్నర ఎకరాల నరుకుడు, ఆ చెరకు మాత్రం ఫ్యాక్టరీకి. ఫ్యాక్టరీ డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు వస్తుంది, దానిమీద ఎవరి కూలీ ఆధారపడదు. బ్యాంకు అప్పు ఎలాగూ ఆ డబ్బులోంచే పోతుంది కాబట్టి కొంత చెరకు ఫ్యాక్టరీకి తోలడం తప్పనిసరి కూడా.

ఈ నిర్ణయం డిసెంబరులో తీసుకుంటే కుదిరేది కాదు. బెల్లానికి పోయే తోటకు ఆలస్యంగా యూరియా వేస్తే రంగు తగ్గుతుంది, దిమ్మ నిల్వ ఉండదు, వానాకాలం రాగానే చెమ్మగిల్లుతుంది. కాబట్టి జూలైలోనే ఆ ఎకరంన్నరకు యూరియా ఆపించాను. రైతు ఒప్పుకోలేదు, టన్నేజీ పడిపోతుందన్నాడు. ఫ్యాక్టరీకి తోలే రైతు ఏళ్ల తరబడి బరువు కోసమే పెంచాడు, రసం కోసం పెంచడం ఆయనకు కొత్త. టన్నేజీ నిజంగానే రెండు టన్నులు తగ్గింది. ఆయన అన్న మాట సరైందే, కానీ బెల్లం రంగు ఆ తేడాను పూడ్చింది.

గానుగ దగ్గరికి రైతు తండ్రి కాలం నాటి బెల్లం మేస్త్రిని పిలిపించాం. రసం మరుగుతుంటే సున్నపు తేట పోసి, బెండకాడల జిగురు వేసి మడ్డి తేలగానే గరిటెతో తీసేయడం, పాకం కాస్త నీళ్లలో వేసి వేళ్లతో ఉండ కట్టి చూడటం, ఆ రెండు పనులూ ఆ మేస్త్రి రైతు కొడుకు చేత చేయించాడు. తెల్లగా రావడానికి హైడ్రోస్ అనే రసాయనం వేద్దామని పక్కవాళ్లు అన్నారు. వేయలేదు. తినేది జనం.

25 టన్నుల చెరకుకు 2,500 కిలోల బెల్లం దిగింది. సగటున కిలో 33 పలికింది, మొత్తం 82,500. గానుగ బాడుగ, వండకం కూలి కిలోకు ఎనిమిది చొప్పున 20,000. నరుకుడు, గానుగ దాకా తోలకం 16,250. చేతిలో 46,250 మిగిలింది. మిగతా 68 టన్నుల నరుకుడుకి, బాడుగకి 57,800 కావాలి. తగ్గిన పదకొండున్నర వేలు భార్య డ్వాక్రా సంఘంలో తీసుకుంది. ముఠాకు ప్రతి శనివారం కూలి ముట్టింది. ఆ సీజన్‌లో ఊళ్లో కూలీలు దొరక్క కటింగ్ ఆర్డర్లు వృథా చేసుకున్న రైతులున్నారు. వీళ్ల తోటకు మాత్రం ముఠా పిలవకుండానే వచ్చింది. వారం వారం కూలి ఇవ్వాలన్న షరతు పెట్టింది ముఠా కోసం. రైతుకు కూడా అది లాభమైంది, తోట ఎండకుండా, బరువు పోకుండా సమయానికి కాటా ఎక్కింది. 2020 మార్చి చివర లాక్‌డౌన్ పడేనాటికి వీళ్ల పొలంలో నరకాల్సిన చెరకు లేదు. బెల్లం ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు మూతపడ్డ మార్కెట్ ముందు చిక్కుకుపోయారు.

నరికిన పాత కార్శిని మళ్లీ పిలకలు వేయనివ్వలేదు. ఉగాదికి కౌలు ఎకరం తిరిగి ఇచ్చేశారు. సొంత అరెకరం వరి, ఆ వెనక మొక్కజొన్న. తర్వాతి ఏడాది మరో ఎకరం అలాగే తప్పించాం. ప్రతిసారీ పాత కార్శినే తీసేయడం, కొత్త ముచ్చె నాటకపోవడం. మొక్క తోటకు పెట్టిన విత్తనం, దుక్కి ఖర్చు కార్శిల్లోనే తిరిగి వస్తుంది కాబట్టి దాన్ని మధ్యలో చెరపనివ్వలేదు. గట్టు మీద, నీళ్లు అందని మూల అరెకరంలో సరుగుడు వేయించాం. ఆయన అడిగినదాన్ని పూర్తిగా కాదనడం నాకు ఇష్టం లేకపోయింది, పైగా ఆ మూలకు అది సరైన చెట్టే.

తర్వాత ఫ్యాక్టరీ క్రషింగ్ ఆపేసింది. ఆ రోజుకు ఈ కుటుంబానికి మిగిలిన చెరకు ఒక్క ఎకరం, అది గానుగ మోయగలిగేంతే. అదే వీధిలో ఇంకో రైతు ధర పెరుగుతుందన్న ఆశతో ఆరెకరాల మొక్క తోట వేశాడు. మే దాకా చెరకు చేలోనే నిలబడి పూత పూసింది.

తేలనివి

రైతు ఆదాయం నిలబడింది. ఊరి ఉపాధి నిలబడలేదు. మొక్కజొన్నకు కలుపు, కోత కలిపినా చెరకు ఇచ్చినన్ని పనిదినాలు రావు. చుట్టుపక్కల చాలామంది సరుగుడు, నీలగిరి, పామాయిల్ వేశారు. ముఠాలో మగవాళ్లు అచ్యుతాపురం, పరవాడ వైపు కంపెనీల్లో కాంట్రాక్టు పనులకు, విశాఖలో మేస్త్రి పనులకు పోతున్నారు. ఆడవాళ్లకు ఆ రానూపోనూ కుదరదు. జనవరి నుంచి మార్చి దాకా ఉపాధి హామీ పనులు పెట్టమని పంచాయతీలో అర్జీ ఇప్పించాం. ఒక ఏడాది పొలం కుంటలు తవ్వించారు, మరుసటి ఏడాది పని మళ్లీ ఏప్రిల్‌కే వాయిదా పడింది. గేటు బయట ఉన్న టీ కొట్లు, పంక్చర్ షాపులు, బళ్లవాళ్లు ఏమయ్యారో ఎవరూ రాసిపెట్టలేదు. బోధన్‌లో 1937 నాటి నిజాం ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించినప్పుడు కూడా రైతుకు నిజాంసాగర్ నీళ్లున్నాయి, వేరే పంటకు మళ్లే దారి ఉంది. నరుకుడు కూలీకి, సీజనల్ కార్మికుడికి అలాంటి వేరే పంట అంటూ ఏదీ ఉండదు.

ఇలాంటి కేసు చేపట్టేవాళ్లకు నేను చెప్పేది, రైతు పద్దు రాసిన రోజే ముఠా పద్దూ రాయండి. ఏ తోట ఏ ఏటి కార్శో, ఏ నెల ఎవరికి కూలి బాకీయో ఒకే కాగితం మీద ఉండాలి. విడివిడిగా రాస్తే సరుగుడే సరైన జవాబుగా కనిపిస్తుంది. ఫ్యాక్టరీ నిలుస్తుందా లేదా అన్నది తెలుసుకోవడానికి రికవరీ, పంచదార ధర, డిస్టిలరీ ఉందా లేదా అన్న మూడు సంగతులు చాలు. ఆ లెక్క నాట్లకు ముందే రైతు ముందు పెట్టాలి.

ఆ కొడుకు ఇప్పుడు గానుగ సీజన్‌లో పెనం దగ్గర పనిచేస్తున్నాడు, మిగతా రోజుల్లో పొలం చూసుకుంటున్నాడు. ఫ్యాక్టరీ నుంచి రావాల్సిన జీతం బాకీ కోసం మిగతా సీజనల్ కార్మికులతో కలిసి కార్మిక శాఖకు అర్జీ పెట్టుకున్నాడు. దానికి జతచేయాల్సిన హాజరు పట్టీల నకళ్లు సంపాదించే పనిలో ఉన్నాం.